మింబా పాలు తాగిన బిడ్డ

ఆ ఏడు వరి పొట్టకొచ్చే వేళకి మా మింబా పోయింది. జ్వరం వచ్చింది, తగ్గింది, హమ్మయ్య అనుకునేలోపు మళ్లీ వచ్చి మనిషిని పట్టుకుపోయింది.

మింబా నాకు తోడబుట్టింది కాదు. ఇద్దరం ఒకే బానిసల ఓడలో వచ్చాం. ఓడ కడుపులో పక్కపక్కన పడి, బతికి ఒడ్డున దిగినవాళ్లు ఇక అన్నాచెల్లెళ్లే. ఈ కరోలినాలో మావాళ్లలో ఎవర్నడిగినా అదే చెబుతారు. అందుకే దాని కూతురు బినా నన్ను మామా అనేది, నా పెళ్లాం ఫిబ్బాని అత్తా అనేది. ఆషపూ నది పక్కన పెల్లమ్ దొర వరిచేలలో నేను తూము కాపలా మనిషిని. చెరువులోంచి మళ్లకి నీళ్లు వదలడం, ఆపడం, గట్టు మీద తిరగడం, తిరుగుతూ తిరుగుతూ కలుపు తీసేవాళ్లని నవ్వించడం. చివరిది దొర చెప్పిన పని కాదు. మా మీద అజమాయిషీకి పెట్టిన తెల్లోడు గ్రిబ్స్ బూటులో కప్పని పెట్టింది ఎవరో పొలంలో అందరికీ తెలుసు, గ్రిబ్స్‌కి తప్ప. వాడు ఆ కప్ప దానంతటదే దూరిందనుకుని, మర్నాటి నుంచి బూట్లు తలకింద పెట్టుకుని పడుకునేవాడు.

మింబాకి అంతకు ముందు చలికాలంలో కొడుకు పుట్టి పురిటిలోనే పోయాడు. అదే రోజుల్లో దొరసానికి కొడుకు పుట్టి బతికాడు. దొరసానికి పాలు పడలేదు. ఇంకేముంది, మింబాని పెద్దింటికి పిలిపించారు. పగలూ రాత్రీ అక్కడే. ఐదేళ్ల బినా మా గుడిసెలో ఫిబ్బా పక్కన పడుకునేది. ఆదివారం పూట తల్లి కాసేపు ఇంటికొస్తే, దాని గుండె మీద తల పెట్టి వాసన చూసి, "అమ్మా, నీ దగ్గర వాడి వాసనొస్తోంది" అనేది. మింబా నవ్వేది. నవ్వి, రవిక సర్దుకుని, పొద్దుగూకకుండానే మళ్లీ వెళ్లిపోయేది.

మింబా పోయిన రోజు పని దిగాక, పొద్దు వాలుతుంటే మోసుకెళ్లాం. అడవి అంచున మావాళ్లని పెట్టే చోటుంది. పలకలు కొట్టి చేసిన పెట్టెని గోతి పక్కన దించాం. మాలో అందరికన్నా పెద్దది సూకీ ముసలమ్మ. చావులో, పురుడులో ఏం చెయ్యాలో ఆమె చెబుతుంది, మేం చేస్తాం.

"పిల్లనెత్తండి" అంది.

తల్లి పోతే పసిపిల్లల్ని పెట్టె మీదుగా ఒక చేతిలోంచి ఇంకో చేతికి దాటిస్తాం. దాటించకపోతే తల్లికి ప్రాణం కొట్టుకుంటుంది. పిల్ల కోసం వస్తూనే ఉంటుంది, పక్కన కూర్చుంటుంది, చివరికి వెంట తీసుకుపోతుంది. నేను పెట్టెకి ఇటు నిలబడ్డాను, ఫిబ్బా అటు. బినా బిక్కచచ్చిపోయి నా మెడ పట్టుకుంది.

"ఏమే, ఇంత బరువున్నావు? దొర కోళ్లు మాయమైపోతున్నాయని ఊరంతా వెతుకుతున్నారు, అన్నీ ఈ పొట్టలోనే ఉన్నాయా?" అన్నాను దాని చెవిలో.

కిసుక్కుమంది పిల్ల. నవ్వుతూనే గాల్లో తల్లి మీదుగా దాటి ఫిబ్బా చేతుల్లో పడింది.

"చావు దగ్గర కూడానా! నీ నోరు దబ్బనంతో కుట్టాలిరా క్వాకో" అంది సూకీ.

"కుట్టు ముసలీ, దారం ఎక్కించడానికి నీకు కళ్లు కనపడితే."

మట్టి పోశాం. చుట్టూ గవ్వలు పేర్చి, ఆమె చివరగా తాగిన గిన్నెని పగలగొట్టి సమాధి మీద పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేశాం. చెయ్యాల్సినవన్నీ చేశామనే అనుకున్నాం.

కోతలు మొదలయ్యాయి. పెద్దింట్లో బట్టలుతికే ఫిబ్బాకి చిన్నదొరని చూసుకునే పని అప్పజెప్పారు. ఫిబ్బాకి పాలెక్కడివి? ఆవుపాలలో రొట్టె నానబెట్టి చెంచాతో పోసేది. ఈగలు తోలడానికి బినాని కూడా తీసుకెళ్లి ఉయ్యాల తొట్టి పక్కన కూర్చోబెట్టారు, చేతిలో దాని ఒంటికన్నా పెద్ద విసనకర్ర పెట్టి.

ఒకనాడు తూములో వేసిన బుట్టలో చేపలు పడితే వంటింట్లో ఇద్దామని వెళ్లాను. దారిలో కిటికీలోంచి గదిలోకి తొంగి చూశాను. ఫిబ్బా లేదు. దొరసాని లేదు. బినా విసరడం మానేసి బొమ్మలా కూర్చుని ఉంది. తొట్టిలో పిల్లాడు మేలుకునే ఉన్నాడు. ఏడవట్లేదు. పెదాలు చప్పరిస్తున్నాడు, రొమ్ము నోట్లో ఉన్నట్టు. గొంతు కదులుతోంది. ఒక చెయ్యి పైకెత్తి గాల్లో దేన్నో పట్టుకున్నాడు, వేళ్లు వదులుతూ, బిగిస్తూ.

"ఓయ్ బినా! ఏం చేస్తున్నావే?"

"ఉష్! అమ్మ వాడికి పాలిస్తోంది."

చేపల బుట్ట నా చేతిలో ఒక్కసారి బరువెక్కింది. "నీకు కనపడుతోందా?"

తల అడ్డంగా ఊపింది. "నాకు కనపడదు. వాడికి కనపడుతుంది. వాడెటు చూస్తే నేనూ అటు చూస్తా."

మళ్లీ అటు తిరిగి కూర్చుంది. పిల్లాడు గోడ మూలకి చూస్తే అదీ మూలకి చూసింది. వాడు కళ్లు పైకెత్తితే అదీ ఎత్తింది. నేను జనం నవ్వి చచ్చేలా దయ్యాల కథలు చెప్పినవాణ్ణి, తెల్ల దుప్పటి కప్పుకుని ఊరంతటినీ గుడిసెల్లోకి పరిగెత్తించినవాణ్ణి. ఆ మధ్యాహ్నం ఎండలో నిలబడి నా చేతుల మీద వెంట్రుకలు లేవడం చూసుకున్నాను.

పిల్లాడు చిక్కిపోసాగాడు. ఫిబ్బా పోసింది పోసినట్టు కక్కేసేవాడు. కడుపు నిండినవాడిలా తల తిప్పేసుకునేవాడు. చేతులు పుల్లలయ్యాయి, కళ్లు మాత్రం మెరుస్తూ ఎప్పుడూ ఎటో చూస్తుండేవి.

ఒక సాయంత్రం ఫిబ్బా ఇంటికొచ్చి పొయ్యి ముందు కూర్చుంది. నూకలు కడిగి గిన్నెలో వేసింది, నీళ్లు పొయ్యడం మరిచిపోయింది.

"ఇవాళ దొరసాని నా చేతిలో గిన్నె లాక్కుని వాసన చూసింది" అంది.

"ఏమంది?"

"ఏం అనలేదు. ముందు నువ్వు తాగు అంది."

"తాగావా?"

"తాగక? నేను మింగుతున్నంతసేపూ నా గొంతే చూసింది."

"పోనీలే, ఈ వంకన నీకూ కాసిని ఆవుపాలు దొరికాయి" అన్నాను.

ఫిబ్బా నవ్వలేదు. ఇరవై ఏళ్ల కాపురంలో నా మాటకి తిట్టిన రోజులున్నాయి, గరిటె విసిరిన రోజులున్నాయి, ఇలా వినపడనట్టు కూర్చున్న రోజు లేదు.

"నది ఎగువన ఉండే దొరగారింట్లో వంట చేసే ఆవిడ గుర్తుందా?" అంది. "బిడ్డ పోతే విషం పెట్టావన్నారు. కొయ్యకి కట్టి కాల్చారు. మనందర్నీ తీసుకెళ్లి చూపించారు. నాకు ఆ వాసన ఇంకా పోలేదు క్వాకో. ఈ పిల్లాడు దక్కకపోతే తరవాత కొయ్య నాకే."

నేను లేచి సూకీ దగ్గరికి పోయాను. ముసలమ్మ రోలు ముందు కూర్చుని వడ్లు దంచుతోంది. కిటికీలోంచి చూసింది చెప్పాను. రోకలి ఆగింది.

"పాలు తాగినవాణ్ణి దాటించారా?"

"ఎవణ్ణి? వాడు దొర కొడుకు ముసలీ."

"ఆ సంగతి పాలకి తెలుసా?"

నేను రోలు పక్కన చతికిలబడ్డాను.

"నా బుద్ధి గడ్డి తింది" అంది సూకీ. రోకలి ఆనించి తల పట్టుకుంది. "కడుపున పుట్టినదాన్ని దాటించాం. రొమ్ము తాగినవాణ్ణి మరిచాం. పాపం దానికేం తెలుసు, ఏ బిడ్డ దగ్గరికి దారి తెరిచుంటే ఆ బిడ్డ దగ్గరికి వస్తోంది. ఒకటి మూసేశాం, ఒకటి వదిలేశాం. వాణ్ణి దాటించాలిరా. పెట్టె లోపలికి పోయింది కాబట్టి సమాధి మీదుగానైనా దాటించాలి."

"దొరసానిని అడగమంటావా? అమ్మా, తమరి వారసుణ్ణి ఓసారి మా శ్మశానానికి ఇప్పించండి, ఊపి తెచ్చిస్తాం అని?"

"నువ్వే ఆలోచించు. ఊళ్లో వెధవ పనులన్నీ చెయ్యడం తెలుసు కదా, పనికొచ్చే వెధవ పని ఒకటి చెయ్యి."

పిల్లాణ్ణి దాటించాలని ఆ రాత్రి నేనూ ఫిబ్బా అనుకున్న మాటలు గుడిసె గోడ పక్కన నిలబడి బినా విన్నది. మర్నాడు గట్టు మీద నా చొక్కా పట్టుకుని వెంటబడింది.

"వాణ్ణి దాటించొద్దు మామా."

"ఏం?"

"దాటిస్తే అమ్మ ఇంక ఎక్కడికొస్తుంది?"

"రాకూడదే తల్లీ. వస్తూ ఉంటే వాణ్ణి తీసుకుపోతుంది."

"తీసుకుపోదు. పాలే ఇస్తుంది. నేను రోజూ చూస్తున్నాగా."

తూము పలక మీద కూర్చుని దాన్ని ఒళ్లోకి తీసుకున్నాను. పరాచికం ఒకటి నోటి దాకా వచ్చింది, మింగేశాను. "వాడు బాగా చిక్కిపోయాడు. వాడు చచ్చిపోతే మీ అత్త చంపిందంటారు. అత్తని కాలుస్తారు."

వంగి నీళ్లలోకి చూసింది. నీళ్ల మీద వరిపిట్టల నీడలు గుంపులుగా పోతున్నాయి.

"అత్తనా?"

"ఊఁ."

ముక్కు నా చొక్కాకి తుడుచుకుంది. "అయితే నేనూ వస్తా" అంది.

దొర కోర్టు పని మీద చార్లెస్‌టౌన్ వెళ్లాడు. దొరసాని ఎండ ముదిరాక కిటికీలు మూయించుకుని పడుకుంటుంది. మిగిలింది గ్రిబ్స్. వాడు గుర్రం మీద గట్టంతా తిరుగుతాడు, పెద్దింటి నుంచి అడవికి పోయే దారి వాడి కళ్ల ముందే ఉంటుంది. వాడికి ఒక్కటే పిచ్చి, మొసళ్లని కాల్చడం. ఇప్పటిదాకా ఒక్కటీ చావలేదనుకోండి, అది వేరే సంగతి.

ఆ పొద్దున చెరువులో నల్లటి దుంగ ఒకటి చూసుకున్నాను. బెరడు గరుకుగా, ముందు రెండు బుడిపెలతో, దేవుడు ఆ పనికే చేసినట్టుంది. దాన్ని రెల్లు పొదల్లో వదిలి, తూము పలకని వేలెడు ఎత్తాను. నీళ్లు లాగినప్పుడల్లా దుంగ మెల్లగా తిరుగుతుంది, ఆగుతుంది, మళ్లీ తిరుగుతుంది. తరవాత రొప్పుకుంటూ గ్రిబ్స్ దగ్గరికి పరిగెత్తాను.

"అయ్యా! తూము దగ్గర మొసలి! మన పడవంత ఉందయ్యా!"

"పడవంతా, నీ అబద్ధమంతా?"

"నోరు కొలుచుకు రమ్మంటారా అయ్యా? కొలతకి నా కాలు పెడతాను."

గుర్రం దిగి తుపాకి తీసుకుని వచ్చాడు. దుంగ రెల్లులోంచి ముక్కు బయటపెట్టి ఇటు తిరిగింది. గ్రిబ్స్ ముఖం పెళ్లికొడుకు ముఖంలా వెలిగిపోయింది.

"బోర్లా పడుకోండయ్యా. మనిషి అలికిడైతే మునిగిపోతుంది. నేను పోయి ఎరకి పందిమాంసం ముక్క తెస్తాను."

"త్వరగా పోరా" అని గుసగుసలాడి, కొత్త చొక్కాతో బురదలో పడుకున్నాడు. ఇంకో రోజైతే ఆ వీపు చూస్తూ సాయంత్రం దాకా అక్కడే ఉండేవాణ్ణి.

ఫిబ్బా అప్పటికే అడవి అంచుకి చేరింది. ఉతికిన బట్టల బుట్టలో పిల్లాడు, పైన పల్చటి గుడ్డ. వెనకే బినా. మింబా సమాధి మీద గవ్వలు ఎండకి తెల్లగా మెరుస్తున్నాయి. పిట్ట కూత లేదు, ఆకు కదలట్లేదు. ఫిబ్బా పిల్లాణ్ణి బయటికి తీసింది. తడిసిన కోడిపిల్లంత ఉన్నాడు. సన్నగా మూలుగుతున్నవాడల్లా సమాధి దగ్గరికి రాగానే ఊరుకున్నాడు. తల తిప్పి చూశాడు. నేల మీద కూర్చున్న మనిషి ముఖం ఎంత ఎత్తున ఉంటుందో, సరిగ్గా అక్కడికి చూసి బోసినోటితో నవ్వాడు.

బినా వెంటనే అటు చూసింది.

"ఏదో ఒకటి అను క్వాకో" అంది ఫిబ్బా. "నువ్వు ఏదన్నా అంటే కాస్త ధైర్యంగా ఉంటుంది."

సమాధికి ఇవతల నిలబడి చేతులు చాపాను. "ఇలా ఇయ్యి" అన్నాను.

ఇచ్చింది. పిల్లాడు గవ్వల మీదుగా, పగిలిన గిన్నె మీదుగా నా వైపుకి వచ్చాడు. మధ్యలో ఒక్క క్షణం వాడి కాలి దగ్గర గుడ్డ ఆగింది, ముల్లుకి పట్టుకున్నట్టు. అక్కడ ముల్లు లేదు. తరవాత వదిలేసింది. నా చేతుల్లోకి వచ్చాక వాడు ఓసారి వెనక్కి చూశాడు, ఎవరూ లేని చోటు చూసినట్టు అటూ ఇటూ వెతికాడు, నా ముఖం చూసి గుక్కపెట్టి ఏడ్చాడు. ఆకలేసిన మామూలు పిల్లాడి ఏడుపు. అన్నాళ్లలో వాడలా ఏడవగా వినలేదు.

చెరువు వైపు నుంచి తుపాకి పేలింది.

"పదండి, పదండి" అని ఫిబ్బా వాణ్ణి లాక్కుని బుట్టతో సహా చెట్ల మధ్య నుంచి పరుగులాంటి నడకతో వెళ్లిపోయింది. నేను బినా చెయ్యి పట్టుకున్నాను. కదల్లేదు.

"మామా, నన్ను వెనక్కి దాటించు."

"ఏంటీ?"

"అప్పుడు ఇటు నుంచి అటు దాటించారుగా. ఇప్పుడు అటు నుంచి ఇటు దాటించు. అప్పుడు అమ్మ నా దగ్గరికొస్తుంది."

గట్టు మీద గ్రిబ్స్ లేచి ఉంటాడు. నా కోసం చూస్తుంటాడు. అన్నీ తెలుసు నాకు, కాళ్లే కదల్లేదు. "అత్త వెళ్లిపోయిందే. అవతల అందుకునేవాళ్లు లేరుగా" అన్నాను.

"అమ్మ అందుకుంటుంది."

అంత మామూలుగా అంది. అవతల వైపు చూడటానికి నాకు ధైర్యం చాలలేదు.

"సరే, కళ్లు మూసుకో. గట్టిగా" అన్నాను.

మూసుకుంది. చేతులు ముందుకు చాపింది, అందుకునేవాళ్లకి అందేలా. ఎత్తుకుని గిర్రున తిప్పాను, ఏ వైపుకి తిరిగిందీ తెలియకుండా. సమాధికి వీపు పెట్టి, ఎండిన ఆకుల మీదుగా దాన్ని ఊపి, మెల్లగా నేల మీద నిలబెట్టాను. "అయిపోయింది, దాటేశావు" అన్నాను.

కళ్లు తెరిచింది. కాళ్ల కింద ఆకుల్ని చూసుకుంది. మెడ తిప్పి నా వెనకున్న గవ్వల్ని చూసింది. నన్ను చూసింది.

"సరే మామా" అంది.

ఆ పూట గ్రిబ్స్ నన్ను తన్నలేదు. తగిలింది, మునిగిపోయింది, చచ్చే ఉంటుంది అని వారం పాటు అందరికీ చెప్పుకు తిరిగాడు. పిల్లాడు ఆ సాయంత్రమే గిన్నెడు పాలు తాగి పడుకున్నాడు. కోతలయ్యేలోపు బుగ్గలొచ్చాయి. దొరసాని ఫిబ్బాని ముందుగా తాగమనడం మానేసింది, పైగా పాత గౌను ఒకటిచ్చింది. ఫిబ్బా దాన్ని ఇంటికి తెచ్చి మూలన పడేసింది, ఒంటికి తగిలించలేదు. వడ్లు దంచే రోజులొచ్చాయి. ఊరంతా రోకళ్ల చప్పుడు. నేను మళ్లీ జనాన్ని నవ్వించాను. ఏం చెయ్యను, నోరు ఊరుకోదు.

బినా తొట్టి పక్కన కూర్చుని బుద్ధిగా ఈగలు తోలేది. పిల్లాడు ఇప్పుడు అందరి పిల్లల్లాగే విసనకర్రనే చూసేవాడు. బినా మాత్రం ఎటూ చూసేది కాదు.

ఇంటికొచ్చి సందె చీకట్లు పడుతుంటేనే చాప మీద వాలిపోయేది. గోడ వైపు మనిషి పట్టేంత చోటు వదిలి, ఇటు అంచున పడుకునేది. చలేస్తుంది లోపలికి జరగవే అని ఫిబ్బా అంటే జరిగేది కాదు. ఆ ఖాళీ చూస్తూ నేను అన్నం తినలేకపోయేవాణ్ణి. మింబా దాన్ని ఎలా నిద్రపుచ్చేదో నాకు తెలుసు. కనుబొమల మధ్య నుంచి ముక్కు కొస దాకా బొటనవేలితో మెల్లగా రాసేది, మళ్లీ పైకి, మళ్లీ కిందికి.

ఒక సందెవేళ ఫిబ్బా బయట పొయ్యి దగ్గరుంది. బినా కళ్లు మూసుకుని ఉంది, ఊపిరి నిదానంగా పోతోంది. నేను చప్పుడు కాకుండా పాకుతూ వెళ్లి, గోడ వైపు ఖాళీలో మోకాళ్ల మీద కూర్చున్నాను. ఎంతమందిని మోసం చేసినవాణ్ణి, ఈ ఒక్కటీ చాతకాదా అనుకున్నాను. ఊపిరి బిగబట్టి, బొటనవేలు దాని కనుబొమల మధ్య పెట్టి మెల్లగా కిందికి రాశాను. పిల్ల ముఖం మెత్తబడింది. మళ్లీ పైకి. మళ్లీ కిందికి.

"చెయ్యి గరుగ్గా ఉంది మామా" అంది కళ్లు తెరవకుండానే. "అత్త అన్నం వండింది. వెళ్లి తిను."

నేను ఆ చోట్లోంచి లేచేదాకా ఆగింది. తరవాత అరచేత్తో చాప మీద నా మోకాళ్లు పడ్డ చోటు సాపు చేసి, ఇంకాస్త ఇవతలికి జరిగి పడుకుంది.